దంతపు కొట్టు మూసిన చట్టం

కుప్పం, పలమనేరు అడవుల్లోకి ఏనుగులు తిరిగొచ్చిన తీరు గత భాగంలో చూశాం. సుమారు రెండు వందల ఏళ్లుగా అడవి ఏనుగు జాడే లేని సీమకు 1980ల నడుమ హోసూరు, ధర్మపురి వైపు నుంచి మందలు రావడం, 1990 డిసెంబరులో 357 చదరపు కిలోమీటర్ల కౌండిన్య అభయారణ్యం ఏర్పడటం, ఆ తర్వాత పుంగనూరు, చౌడేపల్లె, సోమల చేల దాకా ఏనుగులు నడిచి రావడం... ఇదంతా నీళ్ల చుట్టూ, మేత చుట్టూ తిరిగిన కథ. ఈ భాగం దంతం చుట్టూ తిరుగుతుంది. మందలు మన సరిహద్దు దాటిన ఆ దశకంలోనే, అవి విడిచి వచ్చిన అడవులకు ఆనుకుని ఉన్న కావేరి కొండల్లో దంతాలున్న మగ ఏనుగులను వేటగాళ్లు వరసపెట్టి కాల్చేస్తున్నారు. ఆ కాల్పులు అలాగే సాగి ఉంటే కౌండిన్యకు రావడానికి మంద మిగిలేదా అన్నది తీసిపారేసే ప్రశ్న కాదు. చరిత్ర చూస్తే నాకు తోచేది ఒకటే. అడవికి మాత్రమే కాపలా పెట్టినంత కాలం ఏనుగు దక్కలేదు, ఊళ్లో దంతపు కొట్టు మూయించాకే దక్కింది. కొట్టు తలుపు ఓరగా వేసినప్పుడు ఆ ఫలితం రాలేదు. పూర్తిగా మూసినప్పుడే వచ్చింది.

ఈ సంగతి మన పాతవాళ్లకు తెలియనిది కాదు. ఏనుగును చంపినవాడికి మరణదండన విధించాలని అర్థశాస్త్రం చెప్పిందని చాలామందికి తెలుసు. ఆ పక్కనే ఉన్న మరో నియమాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. తనంతట తాను చచ్చిపడిన ఏనుగు దంతాల జత తెచ్చి అప్పగించినవాడికి నాలుగుంపావు పణాలు బహుమానం. దంతం చేరవలసిన చోటు రాజు ఖజానా ఒక్కటే, వెల కూడా రాజు కట్టినంతే. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు, వాడు చచ్చిన ఏనుగు దంతానికి చిల్లర మాత్రమే ఇచ్చి, చంపిన ఏనుగుకు ప్రాణం తీస్తానన్నప్పుడు, వేటగాడికి లాభం ఎక్కడుంది? ఇందులో కౌటిల్యుడికి ఏనుగు మీద జాలి ఉందనుకోనక్కరలేదు. ఆయనకు కావలసింది యుద్ధంలో నిలిచే ఏనుగు. జాలి లేకపోయినా లెక్క మాత్రం సరైనదే.

ఇంగ్లీషు పాలన వచ్చాక ఈ లెక్క తలకిందులైంది. 19వ శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీలో ఏనుగును పంటకు శత్రువుగా ఎంచి, చంపినవాడికి సర్కారే బహుమానం ఇచ్చింది. డెబ్బై రూపాయలు ఆ రోజుల్లో తక్కువ సొమ్ము కాదు. ఆ తర్వాత సైన్యానికి సామాన్లు మోయడానికి, అడవుల్లో దుంగలు లాగడానికి ఏనుగులు చాలక కళ్లు తెరిచారు. 1873లో మద్రాసు ప్రెసిడెన్సీ ఏనుగుల రక్షణకు తన సొంత చట్టం చేసుకుంది. 1879లో కలకత్తా ప్రభుత్వం మిగతా ప్రాంతాల కోసం మరొకటి చేసింది. ఆ రెండో చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఏనుగును చంపినా పట్టినా 500 రూపాయల దాకా జరిమానా, మళ్లీ దొరికితే ఆరు నెలల దాకా జైలు. అలా చచ్చిన ఏనుగు దంతాలు సర్కారు సొత్తు. ప్రాణరక్షణ కోసం చంపితే నేరం కాదు. ఇళ్లనో పంటనో పాడుచేస్తూ కనబడితే చంపినా నేరం కాదు. ఈ చివరి మినహాయింపును పాఠకులు గుర్తుంచుకోవాలి, దానితో మనకు తర్వాత పని ఉంది. ఈ చట్టాలు అడవిలో తుపాకి పట్టినవాడిని చూశాయి గాని అంగట్లో తక్కెడ పట్టినవాడిని చూడలేదు. దంతం ఒకసారి బజారుకు చేరాక అది ఏ అడవిదని అడిగే అధికారం ఎవరికీ లేదు.

ఆ బజారు మన తెలుగునాట కూడా వెలిగింది. 18వ శతాబ్దపు విశాఖపట్నంలో కంసాలులు చేసిన దంతపు పని లండన్ దాకా పేరు తెచ్చుకుంది. దంతాన్ని పల్చటి రేకులుగా కోసి, గంధపు చెక్క మీదో ఇరుగుడు చెక్క మీదో అతికించి, దాని మీద సన్నని మొనతో పూలతీగలు, మేడలు, చెట్లు గీసేవారు. కలంకారి అద్దకంలో కనబడే తీగల వంటివే ఇవి. ఆ గీతల్లో వేడి చేసిన నల్ల లక్క నింపి, పైన రుద్ది నునుపు చేస్తే తెల్లటి నేల మీద నల్లటి బొమ్మ తేలేది. పెట్టెలు, రాత బల్లలు, కుర్చీలు, అద్దాల చట్రాలు... కుంపిణీ దొరలు వీటిని ఓడల్లో ఇంటికి పట్టుకుపోయారు. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ ఇంట్లోని ఇలాంటి సామాన్లను 1781లో మూడో జార్జి రాజు కొని తన రాణి షార్లెట్‌కు ఇచ్చాడు. అవి ఇప్పటికీ బ్రిటిష్ రాజవంశపు సేకరణలో ఉన్నాయి. పనితనాన్ని వంక పెట్టడానికి ఏమీ లేదు. కాని ఒక్కో కుర్చీ వెనుక ఎన్ని జతల దంతాలు ఉన్నాయో కొన్నవాడికీ చేసినవాడికీ పట్టలేదు. 19వ శతాబ్దంలో జాంజిబార్ నుంచి బొంబాయికి ఆఫ్రికా దంతం ఓడలకొద్దీ దిగడం మొదలయ్యాక ఆ ఆరా తీసే అవసరం అసలే లేకపోయింది. దేశంలో దంతపు పని అంతా ‘ఆఫ్రికా సరుకు’ అనే ఒక్క మాట కింద తలదాచుకోగలిగింది. 1980లలో మనకు తగిలిన దెబ్బకు వేరు ఇక్కడే ఉంది.

స్వాతంత్ర్యం వచ్చాక పాతికేళ్లకు, 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. వన్యప్రాణులు అప్పట్లో రాష్ట్రాల జాబితాలోని విషయం కాబట్టి కొన్ని శాసనసభలు తీర్మానం చేసి అడిగాకే పార్లమెంటు దీన్ని చేయగలిగింది. అలా అడిగిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1977లో ఏనుగును మొదటి షెడ్యూలుకు మార్చారు, అంటే పులితో సమానమైన రక్షణ. 1986 సవరణతో భారతీయ ఏనుగు దంతం వ్యాపారం పూర్తిగా నిషిద్ధమైంది. ఇంతవరకు బాగానే ఉంది. కాని దిగుమతి చేసుకున్న ఆఫ్రికా దంతాన్ని చెక్కడం, అమ్మడం లైసెన్సు మీద సాగనిచ్చారు. కొమ్మూ మొదలూ పోగొట్టుకుని బొమ్మగా, గాజుగా, పేకముక్కగా మారిన దంతాన్ని చూసి ఇది కర్ణాటక ఏనుగుదా, కెన్యా ఏనుగుదా అని కంటితో చెప్పగల ఇన్‌స్పెక్టరు లేడు. సత్యమంగలం అడవిలో దొంగతనంగా తీసిన దంతం కొట్టులోకి రాగానే ఆఫ్రికా దంతం లెక్కలో కలిసిపోతుంది. సగం మూసిన కొట్టు అంటే ఇదే. దొంగసరుకుకు దొర ముద్ర వేసే యంత్రంగా చట్టబద్ధమైన వ్యాపారమే పనిచేసింది.

ఆ ముద్ర ఖరీదు ఎంతో అడవిలో లెక్క తేలింది. ఆసియా ఏనుగుల్లో పెద్ద దంతాలు మగవాటికే ఉంటాయి, ఆడవాటికి బయటికి కనబడని చిన్న పళ్లే. కనుక దంతం కోసం వేట అంటే మగవాటిని ఏరి చంపడం. దంతం మూడో వంతు దాకా పుర్రెలోనే దిగబడి ఉంటుంది, మొత్తం దంతం కావాలంటే జంతువును చంపి మొహం చెక్కవలసిందే. కేరళలోని పెరియార్‌లో ఈ ఏరివేత ఎంత దూరం పోయిందంటే, 1990లలో పరిశోధకులు లెక్కవేసినప్పుడు పెద్ద మగ ఏనుగు ఒక్కటికి ఆడవి నూరు దాకా ఉన్నాయి. తల లెక్క చూస్తే మంద బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, గున్నలు మాత్రం పుట్టవు. తమిళనాడు, కర్ణాటక సరిహద్దులో ఇదే పని చేసి పైకొచ్చినవాడు వీరప్పన్. గంధపు చెక్కల దొంగగా దేశమంతా తెలియక ముందు అతను ఏనుగుల వేటగాడు. అతన్ని 1986లో పట్టుకున్న అధికారి మన రాజమండ్రివాడు, భారత అటవీ సర్వీసు తరఫున కర్ణాటకలో పనిచేసిన పందిళ్లపల్లి శ్రీనివాస్. వీరప్పన్ తప్పించుకున్నాడు. శ్రీనివాస్ తుపాకి ఒక్కటే నమ్ముకోక, వీరప్పన్ సొంత ఊరు గోపీనాథంలో ఉండి, ఊరివాళ్లకు వైద్యం అందించి, మారెమ్మ గుడి కట్టించి, వీరప్పన్ మనుషులను ఒక్కొక్కరినే లొంగదీశాడు. లొంగిపోతానని కబురు పంపి పిలిపించి 1991 నవంబరు 10న వీరప్పన్ ఆయన్ని చంపాడు. మరుసటి ఏడు ప్రభుత్వం కీర్తిచక్ర ఇచ్చింది. అడవిలో అంతకన్నా మంచి కాపలా ఎవరూ ఊహించలేరు. అలాంటి మనిషి పట్టుదలగా నిలబడినా దొంగకు కొనేవాడు ఉన్నంత కాలం అడవి నిలవలేదు.

శ్రీనివాస్ చనిపోవడానికి నెల రోజుల ముందే, 1991 అక్టోబరు 2న, కొత్త సవరణ అమల్లోకి వచ్చింది. ఆఫ్రికా దంతం కూడా నిషేధం కిందికి చేరింది. ఉన్న సరుకు వదిలించుకోవడానికి వర్తకులకు ఆరు నెలల గడువు ఇచ్చారు. అంతకు రెండేళ్ల ముందే, 1989లో, అంతర్జాతీయ ఒప్పందం ‘సైటిస్’ ఆఫ్రికా ఏనుగును మొదటి అనుబంధంలో చేర్చి దేశాల మధ్య దంతం వ్యాపారం ఆపేసింది. అంతకు ముందటి పదేళ్లలో ఆఫ్రికాలో ఏనుగులు సుమారు 13 లక్షల నుంచి 6 లక్షలకు పడిపోయాయి మరి. మన వర్తకులు ఊరుకోలేదు, కోర్టుకెక్కారు. చట్టబద్ధంగా దిగుమతి చేసుకున్న సరుకు మాది, దాని మీద పన్నులు కట్టాం, వ్యాపారం చేసుకునే హక్కు రాజ్యాంగం ఇచ్చింది, చచ్చిపోయిన ఏనుగును ఇక ఎలా కాపాడతారు అని వాదించారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఢిల్లీ హైకోర్టు 1997లో దీన్ని తోసిపుచ్చింది, సుప్రీంకోర్టు 2003 ఆగస్టులో హైకోర్టు మాటను ఖాయం చేసింది. నష్టం చేసే వ్యాపారాన్ని పూర్తిగా ఆపే అధికారం రాజ్యానికి ఉందని, మద్యం విషయంలో అన్నట్టే ఇక్కడా అన్నారు.

ఆ 2003 తీర్పుల్లో నాకు బాగా నచ్చిన ముక్క ఏనుగుకు సంబంధించింది కాదు. ఒక వర్తకుడు తన దగ్గరున్నది సైబీరియా మంచు కింద దొరికిన మామత్ దంతమని, ఆ జంతువు వేల ఏళ్ల కిందటే అంతరించిందని, అంతరించినదాన్ని రక్షించడానికి చట్టమెందుకని అడిగాడు. దంతాన్ని అడ్డంగా కోస్తే లోపల వలలాగా ఒకదాన్నొకటి దాటే సన్నని గీతలు కనబడతాయి. మామత్‌లో ఆ గీతలు కలిసే కోణం ఇరుకు, ఏనుగులో విశాలం. నిపుణుడు తేడా పట్టగలడు. కాని ఆ గీతలు కనబడాలంటే అడ్డంగా కోసిన ముఖం ఉండాలి, అంగుళం ఎత్తు వినాయకుడి బొమ్మలో అది ఎక్కడ దొరుకుతుంది? చట్టంలో రాసింది ‘దంతం’ అని, ‘ఏనుగు దంతం’ అని విడగొట్టలేదు, కాబట్టి మామత్ దంతమూ నిషేధంలోనిదే అని కోర్టు తేల్చింది. వర్తకుడికి ఇది అన్యాయంగా తోచి ఉండవచ్చు. అతని సరుకు నిజంగా మామత్‌దే కావచ్చు కూడా. కాని అతని ఒక్కడి నిజాయితీ కోసం తలుపు ఓరగా తెరిస్తే వెనకాల వచ్చేదంతా మామత్ పేరుతోనే వస్తుంది. 1986 నుంచి 1991 దాకా ఆఫ్రికా పేరుతో జరిగింది అదే కదా.

పనివాళ్ల సంగతేమిటని అడిగేవారు ఉన్నారు. తిరువనంతపురం, మైసూరు, ముర్షీదాబాద్, జైపూర్, ఢిల్లీలలో తరాలుగా దంతం చెక్కి బతికిన కుటుంబాలకు 1991 పెద్ద దెబ్బే. వాళ్లలో చాలామంది గంధపు చెక్కకు, ఇరుగుడుకు, ఒంటె ఎముకకు మళ్లారు. కొందరు పనే మానేశారు. సర్కారు వర్తకుడికి గడువైనా ఇచ్చింది, చేతిపనివాడికి చేయి అందించడంలో మాత్రం వెనకబడింది, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా నిషేధమే కళను చంపిందన్న మాట మన విశాఖ విషయంలో నిలవదు. అక్కడి దంతపు పని 20వ శతాబ్దం మొదట్లోనే సన్నగిల్లింది, ఏ చట్టమూ తాకక ముందే. కొనే దొరలు పోయారు, వాడుక మారింది. పని నిలిచేది చేతిలోని నేర్పు మీద, కొనేవాడి మీద, అది ఏ ముడిసరుకు మీద చేశారన్నది రెండో మాట. శ్రీకాళహస్తి దగ్గర మాధవమాలలో చెక్క మీద దేవతామూర్తులు చెక్కేవాళ్లను చూసినవారికి ఇది వివరించనక్కరలేదు.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఆఫ్రికా దక్షిణ దేశాలది. బోట్స్‌వానా, నమీబియా, జింబాబ్వేలలో ఏనుగులు పెరిగాయి, సహజంగా చచ్చిన వాటి దంతాలు గోదాముల్లో పేరుకున్నాయి. వాటిని అమ్మి వచ్చే డబ్బు అడవికే పెడతాం, పైగా చట్టబద్ధమైన సరుకు బజారుకు వస్తే దొంగసరుకు ధర పడిపోతుంది అన్నారు. 1999లో జపాన్‌కు ఒక విడత, 2008లో చైనాకు, జపాన్‌కు కలిపి సుమారు 102 టన్నులు మరో విడత అమ్మనిచ్చారు. ఆ తర్వాత 2010 నుంచి 2012 దాకా మూడేళ్లలో ఆఫ్రికాలో లక్ష ఏనుగులను దంతం కోసం చంపారని పరిశోధకుల అంచనా. 2008 అమ్మకమే దీనికి కారణమా, చైనాలో పెరిగిన సంపదా అన్నది ఆర్థికవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు, నేను ఒకవైపు తీర్పు చెప్పను. కాని ‘సక్రమ సరుకు వస్తే దొంగసరుకు తగ్గుతుంది’ అన్న మాట మాత్రం నిజం కాలేదు, అది చాలు. ఇందుకు దూరం పోనక్కరలేదు. మన శేషాచలంలో ఎర్రచందనం ఉంది. పట్టుబడిన దుంగలను 2014 నుంచి ప్రభుత్వమే వేలం వేసి ఎగుమతికి పంపింది. దొంగ నరుకుడు ఆగిందా? చివరికి చైనా కూడా 2017 ముగిసేసరికి తన దంతపు దుకాణాలు మూసేసింది, బ్రిటన్ 2018లో చేసిన చట్టాన్ని 2022 నుంచి అమలుచేసింది. మనం 1991లో చేసిన పని వాళ్లకు పాతికేళ్లు పట్టింది.

కొట్టు మూశాక ఏమైంది? దొంగవేట పూర్తిగా పోలేదు, కేరళలో 2015లో బయటపడిన ముఠాయే సాక్ష్యం. కాని తూకం మారింది. 2020 డిసెంబరు వరకు పదేళ్లలో దేశంలో సహజంగా కాక చచ్చిన ఏనుగులు 1,160 అని సమాచార హక్కు కింద కేంద్రం చెప్పింది. అందులో కరెంటు తగిలి 741, రైళ్ల కింద 186, వేటగాళ్ల చేతిలో 169, విషంతో 64. ఒకనాడు దంతాల మగవాటిని ఊడ్చిపెట్టిన వేట ఏడో వంతు దగ్గరికి దిగింది. దీన్ని రెండు విధాలా చదవచ్చు. చట్టం గెలిచిందని ఒకరు, ఏనుగు ఎలాగూ చస్తుంటే చట్టం ఎందుకని మరొకరు. రెండో మాట అనేవారు ఒకటి మరిచిపోతున్నారు. దంతపు చట్టం దెబ్బ కొట్టింది ధర మీద. ధర కోసం చంపేవాడి మీదే అది పనిచేస్తుంది. కరెంటు తీగ వెనుక ధర లేదు, కొనేవాడూ లేడు. 2023 జూన్‌లో పలమనేరు దగ్గర జాతీయ రహదారి దాటుతూ వాహనం ఢీకొని ఒక్కసారిగా మూడు ఏనుగులు చచ్చిపోయాయి, అక్కడ దంతం మీద ఎవరికీ ఆశ లేదు. ఒక జబ్బుకు ఇచ్చిన మందు ఇంకో జబ్బుకు పనిచేయలేదని ఆ మందును పారేయం.

ఇక మిగిలింది చౌడేపల్లె రైతు అభ్యంతరం. నా లెక్కలో అన్నింటికన్నా గట్టిది ఇదే. 1879 చట్టంలో పంట పాడుచేస్తున్న ఏనుగును చంపవచ్చన్న మినహాయింపు ఉందని పైన చెప్పాను. 1972 చట్టంలో 11వ సెక్షను కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ వేటకు అనుమతి ఇవ్వవచ్చు. అయితే మొదటి షెడ్యూలు జంతువుకు అది మనిషి ప్రాణానికి ప్రమాదమైతేనో, కోలుకోలేని జబ్బు పడితేనో మాత్రమే. పంట నష్టం కారణం కింది షెడ్యూలు జంతువులకే చెల్లుతుంది. అంటే 1977లో ఏనుగు పై మెట్టు ఎక్కిన రోజున, దంతం ఎన్నడూ కొనని, అమ్మని, కళ్లారా చూడని రైతు ఒక హక్కు పోగొట్టుకున్నాడు. కుప్పం, పలమనేరు వైపు అప్పటికి ఏనుగులు లేవు కాబట్టి ఎవరికీ తెలియలేదు. పదేళ్లలో మందలు వచ్చి రాగి, వరి, చెరకు, మామిడి తొక్కినప్పుడు తెలిసింది. నిషేధపు భారం వర్తకుడి మీద పడిందనుకున్నాం, సగం భారం ఇక్కడ మంచె మీద రాత్రంతా టపాసులు కాల్చి కూర్చున్నవాడి మీద పడింది. దొంగచాటుగా పొలం చుట్టూ కరెంటు తీగ కట్టడం నేరమే, అది ఏనుగునే కాక పక్క పొలంవాడినీ చంపగలదు. ఆ తీగను సమర్థించలేం గాని, అది అక్కడికి ఎందుకొచ్చిందో చూడకుండా రైతును దంతపు దొంగతో ఒకే గాటన కట్టడం తప్పు.

ఈ అభ్యంతరానికి జవాబు నిషేధం సడలించడంలో లేదు. ఏనుగును మళ్లీ కింది షెడ్యూలుకు దించితే మొదట లాభపడేది రైతు కాదు, ‘పంట కోసం చంపాం’ అని దంతం పట్టుకొచ్చేవాడు. 1879 మినహాయింపు పుట్టించిన సందు మళ్లీ తెరుచుకుంటుంది. కావలసింది ఖర్చు ఎవరు భరించాలో తేల్చడం. కందకాలు, సౌర కంచెలు చూశాం, ఏనుగులు చెట్టు కొమ్మలు తీగల మీద పడేసి దాటిపోవడమూ చూశాం. 2025 మేలో కర్ణాటక ఇచ్చిన కుంకీలు, అంటే శిక్షణ పొందిన ఏనుగులు, పలమనేరు వైపు వచ్చాయి, వాటి సంగతి వచ్చే భాగంలో వివరంగా. ఇక పరిహారం విషయంలో 1972 చట్టం ఎలా ఉందో ఒక్కసారి చూడండి. చచ్చిపడిన ఏనుగూ దాని దంతమూ ప్రభుత్వ ఆస్తి అని 39వ సెక్షను స్పష్టంగా రాసింది. దంతం దొరికినవాడు 48 గంటల్లో కబురు చేయాలని, అడిగితే అప్పగించాలని గడువు కూడా పెట్టింది. బతికున్న ఏనుగు ఒక్క రాత్రిలో తొక్కిన రెండెకరాల వరికి ఎంత ఇవ్వాలో, ఎన్ని రోజుల్లో ఇవ్వాలో ఆ చట్టంలో ఒక్క సెక్షను కూడా లేదు. అది నేటికీ రాష్ట్ర ప్రభుత్వాలు ఎప్పటికప్పుడు ఇచ్చే ఉత్తర్వుల మీదే నడుస్తోంది.